రచ్చబండ నుంచి రచ్చ దాకా: రాక్ సంగీతాభిమానుల అంతర్జాల వాగ్వాదాలు – వాద, జల్ప, వితండ దృష్టితో పరిశీలన

సారాంశం

ఒకే సంగీతాన్ని ప్రేమించే శ్రోతలు అంతర్జాల సమూహాలలో నిత్యం తగవులాడుకోవడం పైకి వృథా కాలక్షేపంగా కనిపిస్తుంది. ఆ తగవులలో ఒక నిర్మాణం ఉందనీ, విమర్శ వ్యవస్థ లేని కళారూపానికి ఆ తగవులే విమర్శగా పనిచేస్తున్నాయనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఇందుకు న్యాయదర్శనం చెప్పిన వాద, జల్ప, వితండ భేదాలను పనిముట్లుగా స్వీకరించింది. రాక్ సంగీత చరిత్రలోని కొన్ని ప్రసిద్ధ వివాదాలను, తెలుగు సాహిత్య చరిత్రలోని పోతన నివాస వివాదాన్ని, తెలుగు శ్రోతల సంభాషణల భాషను పరిశీలించి, ఈ సామగ్రిని భద్రపరచవలసిన అవసరాన్ని సూచిస్తుంది.

కీలకపదాలు: రచ్చ, అభిమాని, రాక్ సంగీతం, వాదం, జల్పం, వితండం, నిగ్రహస్థానం, సంబోధన, అంతర్జాల సమూహం.

1. ప్రవేశిక

తెలుగులో "రచ్చ" అనే మాట చరిత్ర ఆసక్తికరమైనది. వీధి అనే అర్థం గల సంస్కృత "రథ్యా" శబ్దం ప్రాకృతం మీదుగా వచ్చి "రచ్చ" అయింది. నలుగురు కూడే చోటు రచ్చ; అక్కడ చెట్టు కింద కూర్చునే తిన్నె రచ్చబండ. "ఇంట గెలిచి రచ్చ గెలువు" అనే సామెతలో రచ్చ అంటే బహిరంగ సభ, పదిమంది ఒప్పుకోవలసిన వేదిక. నేటి వాడుకలో "రచ్చ చేశాడు" అంటే గొడవ చేశాడని అర్థం. స్థలాన్ని చెప్పే మాట ఆ స్థలంలో జరిగే పనిని చెప్పే మాటగా మారింది. నలుగురు కూడిన చోట మాట తగవు దాకా వెళ్ళడం మన సమాజానికి ఎంత సహజమో ఈ అర్థపరిణామమే చెబుతుంది.

ఈ వ్యాసం పరిశీలించే విషయం కూడా ఇటువంటి రచ్చే. రాక్ సంగీతాభిమానులు అంతర్జాలంలో కూడుకుంటారు, ముచ్చటించుకుంటారు, కొద్దిసేపటికే తగవులోకి దిగుతారు. ఏ బృందం గొప్పది, ఏ ఆల్బమ్‌తో పతనం మొదలైంది, ఎవరు నిజమైన శ్రోత అనే ప్రశ్నలు దశాబ్దాలుగా నలుగుతూనే ఉన్నాయి.

వరంగల్‌లో ఉండి తెలుగు చెప్పేవారికి ఈ విషయంతో ఏమి పని అనే ప్రశ్న రావచ్చు. 1959లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలగా మొదలై 2002లో జాతీయ సాంకేతిక సంస్థగా మారిన విద్యాసంస్థ ఈ నగరంలోనే ఉంది. దేశం నలుమూలల నుంచి వచ్చిన విద్యార్థులు అక్కడి వసతిగృహాలలో ఉంటారు. "స్ప్రింగ్ స్ప్రీ" పేరిట అక్కడ ఏటా సాంస్కృతికోత్సవం జరుగుతుంది. 1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయం ఈ నగరానిదే. ఇటువంటి చోట చదువుకునే యువతరం హనుమకొండ చౌరస్తాలో మాట్లాడుకున్నంత సహజంగా చేతిలోని ఫోనులోనూ మాట్లాడుకుంటుంది. వారు రోజూ రాసే గద్యంలో అధిక భాగం సమాధానపత్రాలలో లేదు. ఇటువంటి సంభాషణలలో ఉంది. భాషను, విమర్శను బోధించేవారు దానిని చూడకపోతే సమకాలీన భాషావ్యవహారంలో పెద్ద భాగాన్ని చూడనట్లే.

ఈ వ్యాసంలో ఉదాహరించిన సంభాషణలు విశ్లేషణ కోసం కూర్చిన నమూనాలు. ఏ వ్యక్తి రాతనూ ఎత్తి చూపినవి కావు.

2. అభిమాని: పదం, భావం

ఇంగ్లీషులోని "ఫ్యాన్" అనే మాటకు తెలుగు "అభిమాని" అనే మాటను ఎంచుకుంది. సంస్కృతంలో "అభిమానం" అంటే ప్రధానంగా గర్వం, "నేను, నాది" అనే భావన. సాంఖ్యకారిక అహంకారాన్ని అభిమానంగానే నిర్వచించింది. తెలుగులో అదే మాట ప్రేమ, ఆదరం అనే అర్థాలను సంతరించుకుంది. అయితే "ఆత్మాభిమానం", "అభిమానం దెబ్బతిన్నది" వంటి ప్రయోగాలలో పాత అర్థం ఇంకా నిలిచే ఉంది.

అభిమాని స్వభావం ఈ రెండర్థాల కలయిక. తాను ప్రేమించే కళాకారుడిని "నావాడు" అనుకుంటాడు. అందువల్ల ఆ కళాకారుడి మీద వచ్చిన విమర్శ తన మీద వచ్చినట్టే తోస్తుంది. అలంకారశాస్త్రం చెప్పిన సహృదయుడికీ అభిమానికీ తేడా ఇక్కడ ఉంది. సహృదయుడి రసాస్వాదంలో స్వపర భేదం కరగాలి. అభిమాని ఆస్వాదంలో "స్వ" మరింత గట్టిపడుతుంది. అందుచేత సహృదయులు కూడిన చోట గోష్ఠి జరిగితే అభిమానులు కూడిన చోట రచ్చ జరుగుతుంది.

అయితే అభిమానిని ఆవేశపరుడిగా మాత్రమే చూడటం సరికాదని పరిశోధకులు చాలా కాలంగా చెబుతున్నారు. హెన్రీ జెంకిన్స్ 1992లో వెలువరించిన గ్రంథం టెలివిజన్ ధారావాహికల అభిమానులను అర్థాలు సృష్టించే పాఠకులుగా చూసింది. తెలుగు సినిమా అభిమాన సంఘాల గురించి ఎస్.వి. శ్రీనివాస్ చేసిన అధ్యయనం (2009) అభిమానాన్ని సామాజిక, రాజకీయ చర్యగా వివరించింది. సినిమా అభిమానుల విషయంలో జరిగినంత పని సంగీత శ్రోతల విషయంలో తెలుగులో జరగలేదు.

3. రచ్చబండ కొత్త రూపాలు

కంప్యూటర్ల ద్వారా జరిగే బహిరంగ చర్చకు తొలి పెద్ద వేదిక యూజ్‌నెట్. 1979లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులు దీనిని రూపకల్పన చేశారు. 1980లో అది పనిచేయడం మొదలుపెట్టింది. ఏ పేరుతో ఏ చర్చాసమూహం ఉండాలో ప్రధాన కంప్యూటర్ల నిర్వాహకులు నిర్ణయించే పద్ధతి మీద అసంతృప్తితో 1987లో "ఆల్ట్" అనే స్వేచ్ఛాశ్రేణి పుట్టింది. ఆ శ్రేణిలో 1988లో ఏర్పడిన తొలినాటి సమూహాలలో "రాక్ అండ్ రోల్" పేరుతో ఒకటి ఉంది. ఏది మాట్లాడవచ్చో ఎవరు నిర్ణయించాలనే తగవులోనే ఆ సమూహం పుట్టుక ముడిపడి ఉండడం గమనించదగినది.

1985లో కాలిఫోర్నియాలో ప్రారంభమైన "ది వెల్" అనే సమూహానికి గ్రేట్‌ఫుల్ డెడ్ బృందం అభిమానులు ముఖ్యమైన పోషకులయ్యారు. ఆ బృందానికి పాటలు రాసిన జాన్ పెరీ బార్లో ఆ వేదిక ద్వారానే అంతర్జాల ప్రపంచంలోకి వచ్చి, 1990లో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ స్థాపకులలో ఒకరయ్యారు. అంతర్జాలంలో వాక్స్వాతంత్ర్యం కోసం పనిచేసే ఆ సంస్థ చరిత్రలో రాక్ అభిమానుల ముచ్చట్లకూ చోటుంది.

భారతదేశంలో రాక్ సంగీతానికి ప్రత్యేకించిన పత్రిక "రాక్ స్ట్రీట్ జర్నల్" 1993లో అలహాబాదు నుంచి మొదలైంది. తెలుగువారి విషయానికి వస్తే, 1990వ దశకంలో యూజ్‌నెట్‌లో తెలుగువారి కోసం ఒక చర్చాసమూహం నడిచింది. తెలుగును రోమన్ లిపిలో నిర్దుష్టంగా రాయడానికి అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో ఏర్పడిన ఆర్‌టీఎస్ పద్ధతి ఆ కాలపు చర్చలకు ఆధారమైంది. 1998లో "ఈమాట" జాలపత్రిక మొదలైంది. యాహూ గ్రూపులలో సాహిత్య చర్చల కోసం ఏర్పడిన ఒక తెలుగు సమూహం తనకు పెట్టుకున్న పేరు "రచ్చబండ". సాధనం కొత్తదైనా ఆ పని పాతదేనని ఆ పేరు పెట్టినవారు గుర్తించారు.

4. న్యాయదర్శన పరిభాష

గౌతముని న్యాయసూత్రాలు కథను, అంటే ఇరుపక్షాల చర్చను, మూడు విధాలుగా విభజించాయి.

వాదం: ప్రమాణాలతో, తర్కంతో స్వపక్షాన్ని స్థాపిస్తూ పరపక్షాన్ని పరీక్షించే చర్చ. తత్త్వాన్ని తెలుసుకోవడం దీని లక్ష్యం. గురుశిష్యుల మధ్య, సహాధ్యాయుల మధ్య ఇది జరుగుతుంది.

జల్పం: గెలుపు లక్ష్యంగా సాగే చర్చ. ఇందులో ప్రమాణాలతోపాటు ఛలం (ఎదుటివాడి మాటకు వేరే అర్థం అంటగట్టడం), జాతి (పైపై సామ్యంతో ఇచ్చే అసదుత్తరం), నిగ్రహస్థానాలు (ఓటమికి గురుతులు) కూడా ఆయుధాలవుతాయి.

వితండం: స్వపక్ష స్థాపన లేకుండా పరపక్షాన్ని ఖండించడం మాత్రమే. తెలుగులో "వితండవాదం" అనే మాట మొండి వాదన అనే అర్థంలో స్థిరపడింది గాని, శాస్త్రార్థంలో వితండానికి అసలు సొంత ప్రతిపాదనే ఉండదు.

ఇక్కడ తరచుగా విస్మరణకు గురయ్యే అంశం ఒకటి ఉంది. గౌతముడు జల్ప వితండాలను పూర్తిగా నిషేధించలేదు. మొలకెత్తిన విత్తనాన్ని కాపాడటానికి చుట్టూ ముళ్ళకొమ్మలు పరిచినట్లు, కుదురుకుంటున్న తత్త్వనిశ్చయాన్ని రక్షించడానికి అవి ఉపయోగపడతాయని నాలుగో అధ్యాయంలో అంగీకరించాడు. అభిమానుల తగవులను అర్థం చేసుకోవడానికి ఈ ఉపమానం తాళంచెవి వంటిది. ముళ్ళను చూసి విసుగుచెందడం సులభం. కంచె లోపల మొలక ఉందో లేదో చూడటం పరిశోధకుడి పని.

5. వాదం: ప్రమాణాల అన్వేషణ

1994లో పింక్ ఫ్లాయిడ్ బృందం "ది డివిజన్ బెల్" అనే ఆల్బమ్‌ను విడుదల చేసింది. ఆ ఏడాది జూన్ 11న ఆ బృందం అభిమానుల యూజ్‌నెట్ సమూహంలో "పబ్లియస్" అనే మారుపేరుతో ఒక సందేశం ప్రత్యక్షమైంది. ఆల్బమ్‌లో ఒక ప్రహేళిక దాగి ఉందనీ, దానిని విప్పినవారికి బహుమతి ఉంటుందనీ దాని సారాంశం. సందేశం పంపినవారి ఆచూకీ తెలియకుండా చేసే సేవ ద్వారా అది వచ్చింది.

సమూహంలో రెండు పక్షాలేర్పడ్డాయి. ఇది ఎవరో ఆడుతున్న ఆట అని ఒక పక్షం, నిజమని మరొక పక్షం. న్యాయ పరిభాషలో చెప్పాలంటే ఇది శబ్దప్రమాణం గురించిన తగవు. చెప్పినవాడు ఆప్తుడైతేనే మాట ప్రమాణం. ఇక్కడ చెప్పినవాడెవరో తెలియదు. సందేహించినవారికి పబ్లియస్ ప్రత్యక్షప్రమాణం చూపుతానన్నాడు. జూలై 18న న్యూజెర్సీలోని ఈస్ట్ రూథర్‌ఫర్డ్‌లో జరిగే కచేరీలో తెల్లని దీపాల వెలుగులో సంకేతం కనిపిస్తుందని ముందే ప్రకటించాడు. ఆ రాత్రి వేదిక ముందుభాగంలోని దీపాలు "ఎనిగ్మా", "పబ్లియస్" అనే మాటలను ప్రదర్శించాయి.

దానితో "ఇది నిజమా" అనే ప్రశ్న "దీని అర్థమేమిటి" అనే ప్రశ్నగా మారింది. అభిమానులు గీతాలను, ముఖచిత్రాలను, అచ్చులోని చిన్న గుర్తులను వరుసగా పరీక్షించారు. ప్రహేళికకు అందరూ ఒప్పుకున్న పరిష్కారం ఇప్పటికీ దొరకలేదు. అది రికార్డు కంపెనీ ప్రచారవ్యూహమని బృందం డ్రమ్మర్ నిక్ మేసన్ తరువాతి కాలంలో అన్నాడు. అయినా అభిమానులు ఆ సందర్భంలో చేసిన పని పాఠపరిశోధనే. పాఠాంతరాలను, ముద్రణల తేడాలను పోల్చి చూసే పద్ధతిని ఏ విశ్వవిద్యాలయమూ వారికి నేర్పలేదు. తగవు నేర్పింది.

ఇటువంటిదే మరొక సందర్భం బాబ్ డిలాన్ 1966 నాటి కచేరీ ధ్వనిముద్రణది. జానపదశైలి గాయకుడిగా పేరుపొందిన డిలాన్ విద్యుత్ గిటార్ చేపట్టడాన్ని కొందరు శ్రోతలు ద్రోహంగా భావించారు. సభలో ఒక శ్రోత ఆయనను ఏసుక్రీస్తును అప్పగించిన "జూడాస్" పేరుతో దూషించిన ఆ కచేరీ లండన్ రాయల్ ఆల్బర్ట్ హాలులో జరిగినదిగా అనధికార రికార్డుల ద్వారా ప్రచారమైంది. అది నిజానికి 1966 మే 17న మాంచెస్టర్ ఫ్రీ ట్రేడ్ హాలులో జరిగినది. 1998లో అధికారికంగా విడుదలైన ఆల్బమ్ పేరులో రాయల్ ఆల్బర్ట్ హాలును ఉద్ధరణచిహ్నాల మధ్య ఉంచారు. ఒక పొరపాటు ఎంత ప్రసిద్ధమైతే అదీ చరిత్రలో భాగమవుతుందనడానికి ఆ చిహ్నాలు సాక్ష్యం.

6. జల్పం: "అసలు" ఏది?

అభిమానుల తగవులలో అధికభాగం జల్పం కోవకు చెందుతుంది. వీటిలో కేంద్రమైన ప్రశ్న "అసలైనది ఏది" అన్నది.

1985లో రోజర్ వాటర్స్ పింక్ ఫ్లాయిడ్ నుంచి వైదొలగాడు. మిగిలినవారు అదే పేరుతో కొనసాగడాన్ని వ్యతిరేకిస్తూ న్యాయస్థానాన్ని ఆశ్రయించాడు. 1987లో ఒడంబడిక కుదిరింది. వాటర్స్ లేని బృందం పింక్ ఫ్లాయిడేనా అనే ప్రశ్న మాత్రం అభిమానుల మధ్య ఆగలేదు. అంతకుముందు 1968లోనే తొలినాటి ప్రధాన గీతకర్త సిడ్ బారెట్ బృందాన్ని వీడాడు. అప్పుడు పోని "అసలుతనం" ఇప్పుడెలా పోతుందని ఒకరంటే, మాటలు రాసినవాడు లేకపోతే మిగిలేది పేరేనని మరొకరంటారు.

ఈ తగవుకు భారతీయ తత్త్వశాస్త్రంలో సుపరిచితమైన రూపం ఉంది. అవయవాలకంటే వేరుగా "అవయవి" అనే వస్తువు ఉందని నైయాయికులు వాదించారు. భాగాల కూడికకు పెట్టుకున్న పేరు తప్ప వేరే వస్తువు లేదని బౌద్ధులు ఖండించారు. బృందం వ్యక్తుల మొత్తమా, వ్యక్తులు మారినా నిలిచే వేరొక సత్తా గలదా అనే అభిమానుల ప్రశ్న ఇదే. ఆంధ్రమహాభారత పాఠకులకూ ఇది కొత్త కాదు. నన్నయ విడిచిన అరణ్యపర్వ శేషాన్ని ఎఱ్ఱన పూరించి, దానిని రాజరాజనరేంద్రునికే అంకితమిస్తూ నన్నయ రచనలో భాగంగా నిలిపాడు. చేయి మారినా కావ్యం ఒక్కటేనన్న అవయవి పక్షాన్ని ఎఱ్ఱన ఆచరణలో చూపాడు.

వరంగల్‌కు మరింత దగ్గరి ఉదాహరణ పోతన నివాస వివాదం. పోతన తనదిగా చెప్పుకొన్న "ఏకశిలానగరం" ఓరుగల్లు అని ఒక పక్షం, కడప మండలంలోని ఒంటిమిట్ట అని మరొక పక్షం దీర్ఘకాలం వాదించుకున్నాయి. ఓరుగల్లు అనే పేరుకు "ఒంటి కల్లు" అనే వ్యుత్పత్తి ఒకరి బలం. ఒకే శిలలో మలచిన సీతారామలక్ష్మణ విగ్రహాల ప్రసిద్ధి మరొకరి బలం. బమ్మెర గ్రామం ఉనికి, వంశపరంపర, భాగవత పూరణకర్తల ప్రాంతాలు ఒక్కొక్కటిగా వాదంలోకి వచ్చాయి. ఈ చర్చలో ప్రాంతాభిమానం ఉంది, ఎత్తిపొడుపులున్నాయి, ఛలమూ ఉంది. అయినా దాని ఫలితంగా స్థలనామాల పరిశీలన, శాసనాల పరిశీలన, కావ్యాంతర్గత సాక్ష్యాల పరిశీలన పదునెక్కాయి. పండితులు చేసినప్పుడు వివాదమనీ, యువకులు చేసినప్పుడు గొడవ అనీ పేరుపెట్టడం న్యాయం కాదు.

జల్పానికి ఆర్థిక, నైతిక కోణం కూడా ఉండవచ్చు. 2000 సంవత్సరం ఏప్రిల్‌లో మెటాలికా బృందం పాటల మార్పిడికి వేదికైన నాప్‌స్టర్ మీద దావా వేసింది. మేలో డ్రమ్మర్ లార్స్ ఉల్రిచ్ 3,35,435 మంది వినియోగదారుల పేర్ల జాబితాను ఆ సంస్థకు అందజేశాడు. వారంతా ఆ బృందం పాటలు పంచుకున్నవారు, అంటే చాలామంది ఆ బృందం శ్రోతలే. తమ అభిమాన కళాకారుడే తమను దొంగలుగా లెక్కకట్టినప్పుడు అభిమానులు నిలువునా చీలిపోయారు. సృష్టికర్త హక్కు ఒక పక్షం, శ్రోత ప్రేమ మరొక పక్షం. మేధోసంపత్తి హక్కులనే జటిల విషయాన్ని లక్షలాది యువకులు తమ సొంత సమస్యగా చర్చించిన తొలి సందర్భాలలో ఇదొకటి.

7. వితండం, నిగ్రహస్థానాలు

ఒక నమూనా సంభాషణను పరిశీలిద్దాం. ఇద్దరూ వరంగల్ ప్రాంతపు విద్యార్థులనుకుందాం. మొదటివాడు చిన్నవాడు, రెండోవాడు సీనియర్.

"అన్నా, 1991 ఆల్బమ్ తర్వాత మెటాలికా ఖతం. నేనైతే వినుడే బంద్ చేసిన."

"అట్లెట్ల అంటవ్ తమ్మీ? అంతకుముందటివి నువ్వు ఎన్ని విన్నవ్?"

"అది కాదన్నా, వాళ్ళు పైసల కోసం పాటలు అల్కగ చేసిండ్రు."

"మరి నువ్వు మెచ్చుకునే బ్యాండ్ పుణ్యానికి పాడుతున్నదా?"

"సరే, మాస్టారూ! తమరికి తెలిసినంత మాకు తెల్వది."

అయిదు వాక్యాలలో చర్చ మూడు మెట్లు దిగింది. మొదటి వాక్యం ప్రతిజ్ఞ. రెండో వాక్యం ప్రతిజ్ఞను వదిలి ప్రతిపాదించినవాడి అర్హతను ప్రశ్నించింది. ప్రకృతాన్ని విడిచిన ఈ పోకడ "అర్థాంతరం" అనే నిగ్రహస్థానానికి దగ్గరగా ఉంటుంది. మూడో వాక్యం హేతువును చెప్పింది. నాలుగో వాక్యం ఆ దోషాన్ని కాదనకుండా ఎదుటి పక్షంలోనూ అదే దోషముందన్నది, ఇది "మతానుజ్ఞ". తన మీది ఆక్షేపణను ఖండించకుండా "నీదీ అంతేగా" అనడం తన దోషాన్ని ఒప్పుకున్నట్టేనని శాస్త్రం. నేటి రాజకీయ చర్చల వరకూ మతానుజ్ఞ ఎంత విస్తారంగా ఉందో విద్యార్థులకు చూపితే న్యాయదర్శనం వారికి వెంటనే దగ్గరవుతుంది.

అయిదో వాక్యంలో వాదం ముగిసి వ్యాజస్తుతి మొదలైంది. అంతవరకు "అన్నా", "తమ్మీ" అన్న బంధువాచకాలతో నడిచిన సంభాషణలోకి "మాస్టారూ", "తమరు" అనే గౌరవవాచకాలు వచ్చాయి. అయితే ఇక్కడ పెరిగింది గౌరవం కాదు, దూరం. ఇంగ్లీషు తగవులో కోపం పెరిగినకొద్దీ మాట మోటుబారుతుందని మనం సాధారణంగా భావిస్తాం. తెలుగులో అది మోటుబారనూ వచ్చు, మర్యాద పెరగనూ వచ్చు. "నువ్వు" నుంచి "మీరు"కు, "మీరు" నుంచి "తమరు"కు వెళ్ళేకొద్దీ ఎత్తిపొడుపు పదునెక్కుతుంది. పేరు చివర "గారు" చేర్చి అవమానించగల భాష మనది. సంబోధనలోని ఈ మార్పు చర్చ ఏ క్షణంలో జల్పం నుంచి వితండంలోకి జారిందో పసిగట్టడానికి నమ్మదగిన భాషాచిహ్నం.

8. తెలుగు శ్రోతల తగవు

ఇంగ్లీషు రాక్ బృందాల గురించిన తగవులో తెలుగు యువకుడు ప్రపంచ శ్రోతలలో ఒకడు. తన భాషలోని సంగీతం విషయంలో అతని తగవు వేరే రూపం ధరిస్తుంది. తెలుగులో రాక్ వాద్యధోరణి ఎక్కువమందికి సినిమాపాట ద్వారానే చేరింది. అందుచేత బృందాల మధ్య జరగవలసిన పోటీ సంగీతదర్శకుల మధ్య పోటీగా మారింది. "గీతాంజలి" (1989) నాటి ఇళయరాజాను ఆరాధించే తరానికీ, "రోజా" (1992)తో వచ్చిన ఎ.ఆర్. రెహమాన్‌ను ఆరాధించే తరానికీ మధ్య నడిచే తగవు ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. రెహమాన్ తొలిరోజుల్లో ఇళయరాజా వాద్యబృందంలో కీబోర్డు వాయించినవాడే కావడం రెండు పక్షాలకూ ఆయుధమైంది. శిష్యప్రాయుడని ఒకరు, మించిపోయాడని మరొకరు.

హైదరాబాదు కేంద్రంగా ఏర్పడిన "చౌరస్తా" వంటి బృందాలు తెలుగు మాటను, జానపద ధోరణిని గిటారుతో మేళవించి సినిమాకు వెలుపల పాడటం మొదలుపెట్టాక కొత్త ప్రశ్నలు పుట్టాయి. ఇది రాక్ సంగీతమేనా? తెలుగు ఛందోగతులకు ఆ లయ ఒదుగుతుందా? సినిమాకు పాడితే ఆ గాయకుడు "మనవాడు"గా మిగులుతాడా? ఇవి గీతరచన, ఛందస్సు, మాండలికం గురించిన ప్రశ్నలు. తెలుగు శాఖలు సమాధానం చెప్పగల ప్రశ్నలు.

ఈ సంభాషణల లిపి కూడా పరిశీలనార్హం. ఆర్‌టీఎస్ కాలంలో హ్రస్వదీర్ఘాలను, అల్పప్రాణ మహాప్రాణాలను వేరుచేసి రాసే క్రమశిక్షణ ఉండేది. నేటి ఫోను వ్యవహారంలో రోమన్ లిపిలో రాసే తెలుగుకు అటువంటి నియమం లేదు. సందర్భమే పాఠాన్ని నిర్ణయిస్తుంది. మరోవైపు తెలుగు లిపిలో రాసేవారి రాతల్లో పత్రికాభాష పట్టించుకోని "వినుడు", "జేసిండ్రు", "తెల్వది" వంటి తెలంగాణ రూపాలు సంకోచం లేకుండా కనిపిస్తాయి. తగవులో మనిషి ప్రామాణిక భాషను వెతుక్కోడు. ఇంటి భాషలోనే కొట్లాడతాడు. మాండలిక పరిశోధకులకు ఇంతకంటే సహజమైన లిఖిత సామగ్రి అరుదు.

9. భద్రత సమస్య

రాక్ సంగీతానికి ఇంగ్లీషులో పత్రికలు, గ్రంథాలు ఉన్నాయి. తెలుగులో సినిమాపాట సాహిత్యం మీద విస్తృతమైన విమర్శ వచ్చింది గాని, వాద్యసంయోజన మీద, శ్రోతల అభిరుచి మీద వచ్చింది తక్కువ. ఆ లోటును కొంతవరకు పూరించింది అభిమానుల సంభాషణలే. ఒక పాటలోని గిటారు ఖండికను ఏ చిత్రంలో తిరిగి వాడారో, ఒక వరుసకు మాతృక ఏదో, ఏ గాయకుడు ఏ చరణంలో శ్రుతి తప్పాడో చెప్పే సమాచారం తగవుల మధ్యనే పోగైంది. కంచె లోపలి మొలక ఇదే.

ఆ మొలక ఉన్న నేల శాశ్వతం కాదు. జియోసిటీస్‌లోని వ్యక్తిగత పుటలు 2009లో మూతపడ్డాయి. యాహూ గ్రూపులలోని పాత సందేశాలను తొలగిస్తున్నట్లు 2019 అక్టోబరులో ప్రకటన వచ్చింది. 2020 డిసెంబరులో ఆ సేవ పూర్తిగా ఆగిపోయింది. సభ్యులెవరైనా ముందుగా దాచుకున్నవి తప్ప తక్కినవి పరిశోధకులకు అందకుండా పోయాయి. యూజ్‌నెట్ పాత సందేశాల నిధిని గూగుల్ 2001లో కొనుగోలు చేసింది. 2024 ఫిబ్రవరి నుంచి కొత్త యూజ్‌నెట్ సందేశాలను స్వీకరించడం మానేసింది. నేటి వాట్సాప్, టెలిగ్రామ్ సమూహాల మాటలు చాలావరకు బయటివారికి కనిపించవు. ఫోను మారితే సభ్యులకే దక్కకపోవచ్చు.

తాళపత్రాలు చెదపట్టకుండా కాపాడటానికి మన పూర్వపరిశోధకులు ఊరూరా తిరిగారు. అంతర్జాల సంభాషణకు చెదలు అక్కరలేదు. ఒక సంస్థ తీసుకున్న నిర్ణయం చాలు. తెలుగు శాఖలు మూడు పనులు చేపట్టవచ్చు. మొదటిది, పాత తెలుగు సమూహాల సభ్యుల వద్ద మిగిలిన సందేశాలను వారి అనుమతితో సేకరించడం. రెండోది, పేర్లు, ఫోను సంఖ్యలు తొలగించి భాషాసామగ్రిగా మాత్రమే భద్రపరచడం. కోపంలో రాసిన మాటకు రచయితను జీవితాంతం బాధ్యుడిని చేయడం పరిశోధన లక్ష్యం కాదు. మూడోది, ఎం.ఏ. స్థాయిలో తర్కపరిభాషను, అలంకారశాస్త్రాన్ని ఈ సామగ్రికి అన్వయించి బోధించడం.

10. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి:

1. రాక్ సంగీతాభిమానుల వాగ్వాదాలు ఏకరూపమైనవి కావు. ప్రమాణాన్వేషణ గల వాదం, గెలుపును కోరే జల్పం, స్థాపన లేని వితండం వాటిలో కలిసి ఉంటాయి. ఒకే సంభాషణ ఒక దశ నుంచి మరొక దశకు జారవచ్చు.

2. "అసలైనది ఏది" అనే వారి కేంద్రప్రశ్న అవయవ–అవయవి చర్చకు, పోతన నివాస వివాదం వంటి సాహిత్యచర్చలకు నిర్మాణంలో దగ్గరగా ఉంది.

3. తెలుగు సంభాషణలో సంబోధన, సర్వనామాల మార్పు చర్చాస్థాయిని చూపే భాషాచిహ్నంగా పనిచేస్తుంది. గౌరవవాచకం పెరగడం అనేక సందర్భాలలో వైముఖ్యానికి గుర్తు.

4. విమర్శ తక్కువగా ఉన్న కళారూపం విషయంలో ఈ తగవులే శ్రోతల విమర్శచరిత్ర. వాటిని భద్రపరచడం తక్షణావసరం.

నలుగురు కూడని ఊళ్ళో తగవులుండవు, తీర్పులూ ఉండవు. ఒక పాట గురించి రాత్రంతా కొట్లాడుకునే శ్రోతలున్నంతకాలం ఆ పాటకు వినేవారున్నట్లే. ఆ కొట్లాటలో ఏమి తేలిందో రాసిపెట్టుకునే బాధ్యత మాత్రం రచ్చబండ మీద కూర్చున్నవారిది కాదు. భాషను, విమర్శను వృత్తిగా స్వీకరించిన మనది.